అన్నీ నాలుగులే

"మేడం, దీన్ని పారేయాల్సిందే. అన్నీ నాలుగులే!"

మూడు వారాల క్రితం పనిలో చేరిన కొత్తమ్మాయి ఆ కాగితాన్ని గాలిలో ఊపింది. పిల్లల మనసు ఎలా ఉందో కొలవడానికి బళ్ల నుంచి తెప్పించే కాగితాలవి. ఒక్కోదాని మీద ఇరవైనాలుగు మాటలుంటాయి: కోపం, దిగులు, నీరసం, ఉత్సాహం, ఇలా. ఏది ఎంత ఉందో పిల్లలు సున్నా నుంచి నాలుగు దాకా అంకె వేయాలి. పేర్లుండవు, నంబర్లే. అన్నింటికీ ఒకే అంకె పడితే చదవకుండా గీకేశారని లెక్క. అలాంటివి పారేయాలని నియమం.

పారేద్దామంటే ఆ గదిలో చెత్తబుట్టే లేదు.

పెద్దావిడ కాగితం అందుకుంది. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏ బడి?"

"ఉత్సాహం నాలుగు, నీరసం నాలుగు. రెండూ ఒకేసారి ఎవరికైనా ఉంటాయా మేడం?"

"ఉంటాయి. నేనడిగింది బడి పేరు."

కొత్తమ్మాయి చెప్పింది. పెద్దావిడ వెంటనే ఆ బడికి ఫోను చేసింది. నంబరు వెనక పేరు చూడకూడదని హెడ్మాస్టరు ఫోన్లో మొండికేశాడు. "నా ఉద్యోగం పోతే పోనీండి, ఆ పిల్ల ఎక్కడుందో ముందు చూడండి!" అని ఆవిడ అరిచింది. ఫోను చెవికి ఆనించుకునే పావుగంట సేపు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చూస్తున్న కొత్తమ్మాయికీ భయం పట్టుకుంది.

చివరికి అవతల సన్నటి గొంతు వినిపించింది.

"సారీ మేడం. హాకీ టీముకి సెలక్షన్ మొదలైపోతోందని గబగబా వేసేశాను."

"నువ్వు బాగానే ఉన్నావా తల్లీ? నిజం చెప్పు."

"బాగానే ఉన్నానండీ. టీములోకి తీసుకున్నారు కూడా!"

పెద్దావిడ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. కొత్తమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

"ఇంత హడావుడీ హాకీ కోసమా! మా పాపను బడి నుంచి తెచ్చుకునే వేళ దాటిపోయింది. మీకు ఇంట్లో పిల్లల గొడవ లేదు కాబట్టి సరిపోయింది మేడం."

ఆవిడ కాదనలేదు. కళ్లజోడు తుడుచుకుంది.

"పోయినేడు ఇలాంటిదే ఒకటి నా చేత్తోనే బుట్టలో వేశాను. మూడో రోజు ఆ పిల్ల ప్రాణం తీసుకుంది."

కొత్తమ్మాయి కోపం చప్పున చల్లారింది. ఎవరి బిడ్డో పాపం, అనుకుంది.

"మీ తప్పేముంది మేడం? నియమం ప్రకారమే కదా చేశారు. అది ఎవరి కాగితమో మీకెలా తెలుస్తుంది?"

"తర్వాత బడివాళ్లు నంబరు చూసి పేరు చెప్పారు."

"మీకు తెలిసిన పేరేనా?"

"ఆ పేరు పెట్టింది నేనే."