టిఫిన్ డబ్బా మీటరు

మోటారు మళ్లీ ఆగింది. కరెంటు పోయిందా, మోటారే చెడిందా? అది తేలితేగాని మడికి నీళ్లు లేవు.

యాకయ్య స్టార్టర్ డబ్బా మూత తీశాడు. పక్కనే అతని బామ్మర్ది పండరి. ఇద్దరికీ కరెంటు సామాన్ల పిచ్చి. దారులే వేరు. టిఫిన్ డబ్బాలో పాత టేపురికార్డరు ముల్లు బిగించి పండరి సొంతంగా మీటరు చేసుకున్నాడు. యాకయ్య నిన్ననే వరంగల్‌లో పాత సామాన్ల దుకాణంలో కంపెనీ మీటరు కొన్నాడు.

పండరి ఎడ్డెమంటే యాకయ్య తెడ్డెమంటాడు. పెళ్లినాటి నుంచీ అంతే. పండరి వానొస్తదంటే యాకయ్య వడ్లు ఆరబోస్తాడు. "అక్కను జర మంచిగ చూసుకో బావా" అని పండరి చెప్పిపోయిన మర్నాడే భవాని చెయ్యి విరిగింది. మెట్ల మీద పడ్డదన్నారు.

పండరి తన మీటరు తీగలు ఆనించాడు. ముల్లు దిగ్గున లేచింది.

"కరెంటున్నది బావా."

యాకయ్య కొత్తగా కొన్న పాత మీటరు పెట్టాడు. సున్నా.

"సూడు. కంపెనీ మాల్. లేదంటాంది."

"అది తప్పు సూపిస్తాంది. వైరు ముట్టకు."

"నీ డబ్బా మాట నేనినాల్నా? అండ్ల పప్పు పోసుకొని తిను పో, బామ్మర్దీ!"

సద్ది తెచ్చిన భవాని గట్టు మీద ఆగింది. వంకరగా అతికిన ఆమె చేతిని పండరి ఒకసారి చూశాడు. ముందుకొచ్చి వంగాడు.

"నీ కాళ్లు మొక్కుత బావా. ముట్టకు."

యాకయ్య పకపకా నవ్వాడు. తడి మట్టిలో ఉత్తకాళ్లతో నిలబడి, బామ్మర్ది కళ్లలోకే చూస్తూ వైరు పట్టుకున్నాడు.

యాకయ్య దినాల నాడు ఊరంతా పండరినే మెచ్చుకుంది.

"కాళ్లు మొక్కుతనన్నడట పిలగాడు. ఇనకపాయె."

"ఎన్నడిన్నడు గనుక?"

పండరి తలొంచుకొని విస్తర్లు వేశాడు. భవాని ఒక మూలన గోడకు ఆనుకొని కూర్చుంది. ఏడవలేదు.

వరంగల్ దుకాణంలో ఉన్న మీటర్లన్నీ ఒక్కొక్కటే పరీక్షించి, చెడిపోయినదాన్ని ఏరి, "ఇదొక్కటి మాత్రం కొనకు బావా" అని యాకయ్యను బతిమాలింది పండరే.