హెస్ట్‌విక రేవులో వాన

బస్సు కదలకముందే ఐవిండ్ ముందు వరుసలో మధ్య కుర్చీ పట్టేశాడు. పొద్దుటినుంచీ దాన్ని వదల్లేదు. లేస్తే ఇంకెవరైనా కూలబడతారని కాఫీ కూడా మానుకున్నాడు.

బయట వాన. అలాంటిలాంటి వాన కాదు, కొండలు ఉన్నాయో కొట్టుకుపోయాయో తెలియనంత వాన. బస్సు సొరంగంలో దూరుతోంది, బయటపడుతోంది, నాలుగు మలుపులు తిరిగి మళ్ళీ ఇంకో సొరంగంలో దూరుతోంది. బయటపడ్డ ప్రతిసారీ అదే మబ్బు, అవే తడిసిన గొర్రెలు.

“అందాలట, అందాలు!” అన్నాడు పక్కనున్న టోర్‌ఫిన్. అరవై దాటిన భారీ మనిషి, నోరు ఊరుకోదు. “గొర్రెలు తప్ప ఏమీ కనబడలేదు. అవి కూడా నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాయి.”

వెనకవాళ్ళు నవ్వారు. ఐవిండ్ నవ్వలేదు. అతని ప్రాణమంతా హెస్ట్‌విక మీద ఉంది.

హెస్ట్‌విక అతని సొంత ఊరు. భార్య సున్నివ ఉండేది అక్కడే. నిరుడు శీతాకాలం తాగిన మైకంలో అతను చేసిన ఒక్క తెలివితక్కువ పనికి ఆమె మాట్లాడటం మానేసింది. ఉత్తరం రాస్తే జవాబు లేదు. ఫోను చేస్తే ఎత్తదు. ఎన్నాళ్ళయినా నాకోసం ఉంటావా అని అడగడానికి కూడా దారి లేకపోయింది. చివరికి మొన్న చెల్లెలు ఫోనులో కబురు చెప్పింది.

“శనివారం పడవ మన రేవు ముందునుంచే వెళ్తుందటగా అన్నయ్యా. ఊరంతా వస్తుంది. నీకోసం ఉండాలనుకుంటే వదిన కూడా వచ్చి నిలబడుతుందట. వానొస్తే అందరూ టోపీలు పెట్టుకుని ఉంటారు కదా, తను మాత్రం టోపీ లేకుండా ఉత్త తలతో నిలబడుతుందట. కనబడకపోతే ఇక అడగొద్దంది.”

“నువ్వు కాస్త నచ్చచెప్పవే.”

“చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. నువ్వు చేసిన పని అలాంటిది మరి.”

మధ్యాహ్నం బస్సు మజిలీ అయిపోయి పడవ మొదలైంది. రెండు వైపులా నిట్టనిలువు కొండలు, మధ్యలో ఫియోర్డు, సన్నటి సముద్రపు పాయ, నల్లటి నీళ్ళు, నీళ్ళమీద మబ్బు. పడవ నిమ్మకు నీరెత్తినట్టు పోతోంది. నీలం యూనిఫాంలో ఉన్న మాగ్నిల్డ్ వేడి వేడి వాఫిల్ అట్లు పంచుతూ వచ్చింది.

“అక్కా, హెస్ట్‌విక ఎప్పుడొస్తుంది?”

“ఎన్నిసార్లు అడుగుతావు ఐవిండ్? ఆ కొండ మలుపు తిరిగితే అదే.”

“అక్కడ ఆగుతుందా?”

“ఆగదు. కూత వేసి వెళ్ళిపోతుంది.”

“కాస్త మెల్లగా పోనివ్వమని చెప్పరాదూ?”

“బాగుంది! కెప్టెన్ నా మాట వింటాడా?”

మొన్నటినుంచీ ఆ కబురు వింటూనే ఉన్న టోర్‌ఫిన్ మూతి తుడుచుకున్నాడు. “ఒరేయ్ అబ్బాయ్, ఇంత వానలో తల తడుపుకుంటూ నీకోసం ఎవరు నిలబడతారురా? జలుబు చేస్తే మందు నువ్విస్తావా?”

“నోరు ముయ్యి” అన్నాడు ఐవిండ్.

పడవ మలుపు తిరిగింది. రేవు కనబడింది. ఊరంతా నిజంగానే వచ్చింది. జెండాలు ఊపుతున్నారు. బడి పిల్లల బ్యాండు వానలోనే వాయిస్తోంది, డప్పులకు ప్లాస్టిక్ సంచులు కట్టారు. అందరూ పసుపుపచ్చ వానకోట్లే. అన్ని తలలమీదా టోపీలే.

సరిగ్గా అప్పుడే జల్లు గట్టిగా కొట్టి అద్దమంతా నీళ్ళైపోయింది. రేవు, జనం, జెండాలు కలిసి పసుపు ముద్దయ్యాయి. ఐవిండ్ ఒక్క గెంతున వెళ్ళి చొక్కా చేతితో అద్దం తుడిచాడు. ఏం లాభం? నీళ్ళు అవతలివైపు ఉన్నాయి.

“అడ్డం లేవయ్యా! మేమూ చూడాలి!” వెనకనుంచి కేకలు.

అతనికి వినబడలేదు. తుడుస్తూనే ఉన్నాడు. పడవ కూత వేసింది. రేవు జరిగిపోతోంది. ఇంత దూరం వచ్చింది, ఇంత దగ్గరికొచ్చింది, ఇంకో నిమిషంలో పోతుంది. అతను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఏడుపొచ్చింది.

ఇంతలో బయటినుంచి ఎవరిదో చెయ్యి గుడ్డతో వచ్చి అద్దాన్ని ఒక్క తుడుపు తుడిచి పోయింది.

రేవు చివర, బ్యాండుకు అవతల, సున్నివ. ఉత్త తల. జుట్టంతా తడిసి బుగ్గలకు అంటుకుపోయింది. నేరుగా అతని కళ్ళలోకే చూస్తోంది. చెయ్యి ఎత్తి ఊపింది. పెదవులు ఏదో అన్నాయి. బ్యాండు మోతలో ఆ మాట కలిసిపోయింది.

“సున్నివా! ఇక్కడ! ఇక్కడున్నాను!” రెండు చేతులూ ఊపాడు. గొంతు చించుకున్నాడు.

ఆమె అలా ఊపుతూనే ఉంది. అతని కేక విన్న గుర్తేమీ ఆ మొహంలో లేదు. అతను అద్దానికి అరచెయ్యి ఆనించాడు. రేవు చిన్నదైంది, కొండ అడ్డమొచ్చింది.

“వచ్చింది చూశావా? టోపీ లేదు, చూశావా?” అన్నాడు ఐవిండ్, టోర్‌ఫిన్ భుజం పట్టుకుని కుదుపుతూ. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియదు.

“చూశానురా” అన్నాడు టోర్‌ఫిన్. తన వాఫిల్‌లో సగం తుంచి అతని చేతిలో పెట్టాడు.

పొద్దుటినుంచీ కెమెరా కంటితో దేశమంతా ప్రత్యక్షంగా చూస్తున్న ఆ ప్రయాణం ఇంకా సాగుతుండగానే మాగ్నిల్డ్ వచ్చి టీవీ కట్టేసి, నడుముకున్న తాళాల గుత్తి తీసి, ఒక్కొక్క ఖైదీనీ అతని గదిలోకి పంపి బయటినుంచి తాళం వేసింది.