చివరి కుళాయి

పెద్దాయన ఎప్పటిలాగే వీధి చివరి ఇంటి ముందున్న కుళాయి తిప్పి, నీళ్లను అలాగే మురుగుకాలువలోకి వదిలేశాడు.

దర్జీ ఆవిడకి ఒళ్లు మండింది. ఆ వీధికి నీళ్లొచ్చేది రోజుకి అరగంట. అందులోనూ ఆమె ఇల్లు పైపులైనుకి చిట్టచివర. అందరూ పట్టుకోగా మిగిలిన సన్నటి ధారే ఆమె వంతు.

"ఏమయ్యా, నీ అబ్బసొమ్మా? బకెట్ నీళ్లు కాలవపాలు చేశావు!"

"రెండు నిమిషాలు వదలాలమ్మా. పైపులో నిలవున్న నీళ్లు పోతేగాని అసలు సంగతి తెలీదు."

చిన్న సీసాలో నీళ్లు పట్టి, జేబులోంచి తీసిన రసాయనం రెండు చుక్కలు వేశాడు. నీళ్లు లేత పసుపురంగుకి తిరిగాయి. అది చూసుకుని వచ్చినదారినే వెళ్లిపోయాడు.

రోజూ ఇదే తంతు. దర్జీ ఆవిడ మనవరాలు అతనికి "పసుపు తాత" అని పేరు పెట్టింది. బడిసంచీ తగిలించుకుని, ఆ రంగు చూశాకే కదిలేది.

"రంగు రాకపోతే ఏమవుతుంది తాతా?"

"ఆ రోజు నువ్వు ఈ నీళ్లు తాగకూడదు తల్లీ."

నానమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది.

"పొద్దున్నే పసిపిల్లతో ఏం మాటలవి? గవర్నమెంటు జీతం తింటూ, మా నీళ్లు పారబోస్తూ, పైగా శాపనార్థాలా? ఇంకోసారి ఈ ఛాయలకొచ్చావో, మర్యాద దక్కదు!"

"వేరే కుళాయి దగ్గర చూస్తే లాభం లేదమ్మా. నీళ్లలో కలిపిన క్లోరిన్ మందు చివరిదాకా వచ్చిందో లేదో చివరి కుళాయే చెప్పాలి."

"చెప్పింది చాల్లే, నడు!"

మర్నాడే కుళాయికి ఇనపపెట్టె బిగించి తాళం వేయించింది. పెద్దాయన వచ్చి, తాళం చూసి, వెనుదిరిగాడు. అలా మూడు రోజులు వచ్చాడు. నాలుగో రోజు రాలేదు.

పీడ విరగడైందనుకుంది ఆమె. రోజూ ఒక బకెట్ ఎక్కువే నిండింది.

నెల తిరక్కుండా వీధిలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. ఎక్కడో పైపు పగిలి మురుగు కలిసిందన్నారు. ఆస్పత్రిలో మంచానికి ఇద్దరు చొప్పున పడుకోబెట్టారు. మనవరాలు రెండు రోజులు కొట్టుమిట్టాడింది. మూడో రోజు కన్నుమూసింది.

బడికెళ్లేముందు ఆ పిల్లకి గ్లాసు అందించిన చెయ్యి తనదే. ఆ సంగతి ఆమెని నిలువునా కోసేసింది.

వారం తర్వాత నీళ్ల ఆఫీసు ఇంజనీరు ఇంటికొచ్చాడు. ఆమె తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మీ మనిషిని నేనే తరిమేశాను బాబూ. ఆయన్ని మళ్లీ పంపండి, కాళ్లు పట్టుకుంటాను. వీధిలో మిగతా పిల్లలైనా బతుకుతారు."

ఇంజనీరు తల దించుకున్నాడు.

"ఆయన మా మనిషి కాదమ్మా. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఆయనతోనే నీళ్లు పరీక్షించే ఆ ఉద్యోగాన్నీ తీసేశారు."

"మరి రోజూ వచ్చేవాడే?"

"తనంతట తనే వచ్చేవాడు. మీరు తాళం వేశాక, తీయించమని మూడు రోజులు ఫోన్ చేశాడు. పోరు పడలేక ఆయన నంబరు బ్లాక్ చేసింది నేనే."

"పోనీ, మీకైనా తెలియదా, నీళ్లలో మందు కలపాలని?"



"ఈ తొమ్మిదేళ్లూ, తెల్లారకముందే ఆయన ఫోన్ చేసి తిడితేనే మేం వెళ్లి కలిపేవాళ్లమమ్మా."