పిడికెడు బియ్యం

"ఆ బియ్యం ఆమెకే ఇచ్చెయ్ జ్ఞానాంబా!" అన్నాడు పాస్టరు సుందరరాజు అయ్యగారు భార్యతో.

జ్ఞానాంబ ఇవ్వలేదు. దేవకమ్మ తెచ్చిన సంచిని గట్టిగా పట్టుకుంది. ముందురోజు నుంచి అయ్యగారి ఇంట్లో పొయ్యి వెలగలేదు. పిల్లలిద్దరూ ఆ సంచినే చూస్తున్నారు.

"వంటకు కూచున్నప్పుడల్లా దేవునికని పిడికెడు తీసిపెట్టినానయ్యా," అంది దేవకమ్మ. "అన్ని ఊళ్లల్లో పాస్టర్లు తీసుకుంటారు గదా!"

"పౌలు భక్తుడు డేరాలు కుట్టుకోని బతికినాడమ్మా. వాక్యం చెప్పి కూలి తీసుకోను. నాకూ చేతులుండాయి."

చేతులున్నాయి, నిజమే. పనే లేదు. వడ్రంగంలో అయ్యగారిది మంచి చెయ్యి. తిరుచానూరు లాడ్జీలకు మద్రాసు నుంచి తయారైన తలుపులు లారీల్లో దిగడం మొదలయ్యాక ఆయనకు మిగిలింది శవపెట్టెల పనొక్కటే. సంఘంలో మూడు నెలలుగా చావు లేదు. అందుకు దేవుడికి స్తోత్రం చెప్పిన మహానుభావుడూ ఆయనే!

దేవకమ్మ కళ్లు తుడుచుకుంది.

"బియ్యం సంగతి పోనీండయ్యా. మా ఆయన కోసరం ప్రార్థన జెయ్యండి. ఆసుపత్రోళ్లు ఇంటికి తీసకపొమ్మనేసినారు. చిన్న బిడ్డలుండారు నాకు."

అయ్యగారు భార్య దగ్గర్నుంచి సంచి లాక్కుని దేవకమ్మ చేతిలో పెట్టి, నేరుగా చర్చిలోకి పోయి మోకరించాడు. రెండు రోజులు పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. దేవకమ్మ భర్త కుప్పయ్యను బతికించమని ఏడ్చి ఏడ్చి అడిగాడు. పిల్లలను పక్కింటివాళ్ల గంజికి వదిలేసి జ్ఞానాంబ కూడా వచ్చింది. వెనక చాప మీద మోకాళ్లూని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయనకంటే ఎక్కువగా ఏడ్చింది. భార్య విశ్వాసం చూసి అయ్యగారికి కొండంత ధైర్యం వచ్చింది.

మూడోరోజు పొద్దున దేవకమ్మ మరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్న పోయినాడయ్యా! సాయంత్రానికి పెట్టె గావాల. చెక్కకు, మీ కూలికి ఇదిగో," అని నోట్లు జ్ఞానాంబ చేతిలో పెట్టి వచ్చినంత వేగంగా వెళ్లిపోయాడు.

అయ్యగారు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆయనకు దుఃఖం ఆగలేదు.

"రెండు దినాలు అంతగా ఏడ్సినామే జ్ఞానాంబా! దేవుడు ఒక్క మాటైనా వినలేదే!"

జ్ఞానాంబ ఆయన ముఖం వైపు చూడలేకపోయింది.

"విన్నాడు," అంది. "ఒక్క పెట్టె పని ఇయ్యమని నేనడిగింది విన్నాడు."