ఊడిన చెక్క

"పాపను లోపలికి తీసుకుపో," అని కూతురికి కేకేసి, వడ్రంగి సుత్తి పట్టుకుని కంచె దగ్గరికి నడిచాడు. మనవరాలి గౌను అంచు చింపిన పక్కింటి కుక్కలు రెండూ వంగ మొక్కలు తొక్కుకుంటూ అప్పుడే కంచెలో చెక్క ఊడిన సందులోంచి వెనక్కి దూరాయి.

"డ్రైవరుగారూ, చెక్క మళ్లీ ఊడింది. మొన్ననేగా కొట్టాను?"

ఒకప్పుడు బస్సు నడిపిన పక్కింటాయన డాబా పిట్టగోడ మీంచి తొంగిచూశాడు. "కుక్కలే లాగేసి ఉంటాయి, మేస్త్రీ."

వడ్రంగి వంగి చూశాడు. చెక్కను పక్కన ఆనించి పెట్టారు. దాని మీద పంటి గాటు లేదు, మేకులు ఒక్కటీ వంగలేదు.

"మీ కుక్కలకు పటకారు పట్టడం కూడా నేర్పారా? పసిపిల్ల ప్రాణమంటే మీకు వేళాకోళంగా ఉందా?"

డ్రైవరు చేతికి చుట్టుకున్న తువ్వాలు విప్పాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా కాట్లే.

"కాపలాకని అల్లుడు తెచ్చి వదిలాడు. నా మాట వినవు, వాటి భయానికి డాబా మీదే ఉంటున్నాను. అవి నిద్రపోతున్నప్పుడు చెక్క నేనే పెరికాను. అవి మీ పెరట్లోకి వస్తేనే నేను కిందికి దిగి రెండు మెతుకులు తినగలను." తువ్వాలు మళ్లీ చుట్టుకున్నాడు. "తప్పే, మేస్త్రీ. చెక్క కొట్టెయ్యండి."

ఆయన వెనక మెట్ల తలుపును గోళ్లు గీరుతున్నాయి.

వడ్రంగి చెక్క బిగించాడు. ప్రతి దెబ్బకూ అవతల కుక్కల అరుపు పెరిగింది. ఆఖరి మేకు దిగాక షెడ్డులోంచి నిచ్చెన మోసుకొచ్చి, కంచె మీదుగా పిట్టగోడకు ఆనించాడు.

"దిగండి. మిమ్మల్ని తిట్టాల్సింది చాలా ఉంది. అన్నం తిన్నాక తిడతాను."