చుక్క కొమ్ములు

అభయారణ్యంలో స్వేచ్ఛగా మేసే ఆవులను రాత్రివేళ చూసి రావడం అతని కొలువు. ఆ రాత్రి మంద వలయం కట్టి నిలిచింది. దూడలు లోపలికి, కొమ్ములు బయటకు. మృగం దాపులకు వస్తేనే అవి అలా నిలుస్తాయి. మృగం తన వెనక ఉందేమోనని అతడు వెనక్కి లైటు వేశాడు. గడ్డి తప్ప ఏమీ లేదు.

ఆ మాట చెబితే, గేటు గదిలోని బావమరిది వైర్‌లెస్‌లో నవ్వాడు. "నీ మొహం చూసే జడుసుకున్నాయేమో బావా!"

"నోర్ముయ్‌రా. చుక్కకి దూడప్పుడు సీసాపాలు పట్టి పెంచింది నేను."

అతడు దగ్గరకు నడిచాడు. "చుక్కా, నేనే తల్లీ."

చుక్క తల వంచి, కొమ్ములను అతని రొమ్ముకు గురిపెట్టింది. అతడు పక్కకు జరిగితే కొమ్ములూ జరిగాయి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో వలయం నడుమ, దూడల మధ్య నుంచి, అతని గొంతే మెల్లగా పిలిచింది.

"చుక్కా, నేనే తల్లీ."

కొమ్ములు అతనిపై నుంచి తిప్పకుండానే, చుక్క ఆ పిలుపుకు ప్రేమగా "అంబా" అంది.