పక్కన స్టూలు

"రాలేదు" అన్నాడు టెరెల్ అద్దం వెనకనుంచి. "ఆ కేక రాలేదు పెద్దాయనా."

థాడియస్ శాక్సోఫోన్ నోట్లోంచి తీశాడు. ఇది పదకొండోసారి. పెదవి లోపల చిట్లింది, నోరంతా ఉప్పగా ఉంది. చప్పుడు మైకులో పడుతుందని స్టూడియోలో ఏసీ కట్టేశారు. మెంఫిస్ ఆగస్టు ఎండకి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

డ్రమ్ముల వెనక కూర్చున్న క్లీవ్ కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు. యాభై ఏళ్ళుగా స్నేహితుడు.

"ఒరేయ్ థాడ్, మా ఇంట్లో ఫ్రిజ్ ఇంతకన్నా బాగా ఏడుస్తుంది."

"తీసుకొచ్చి నిలబెట్టు. దానికే ఇస్తారు ఆల్బం."



టెరెల్ తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. థాడియస్ మనవడి ఈడువాడు. ఇరవై రెండేళ్ళుగా ఎవరూ పిలవని మనిషిని వెతుక్కుంటూ వచ్చి రికార్డు చేయిస్తున్నాడు.

"తొమ్మిది పాటలు బాగా వచ్చాయి. కాదనను. కానీ కంపెనీ ఒప్పుకుంది ఈ పదో పాట కోసం. మీ పాత పాట 'తలుపు తీసే ఉంది' మళ్ళీ వాయించాలి, చివర మీ శాక్సోఫోన్ ఆ కేక పెట్టాలి. అయిదింటికి వచ్చి వింటారు. కేక లేకపోతే తొమ్మిదీ పెట్టెలోకి పోతాయి."

"పాత రికార్డులోది కోసి అతికించు" అన్నాడు క్లీవ్.

"దాని హక్కులు వేరేవాళ్ళవి. ఇచ్చేది లేదన్నారు."

థాడియస్ శాక్సోఫోన్ మూతికి బిగించే రెల్లుముక్క, రీడు, మార్చాడు. పొద్దున్నించీ ఇది అయిదోది.

టెరెల్ అతని ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఒక్క మాట అడగనా? మా నాన్న లారీ నడిపేవాడు. రేడియోలో ఆ కేక వస్తే బండి పక్కకి ఆపుకుని ఏడ్చేవాడట. ఆ తర్వాత మీరు ఏ కచేరీలోనూ దాని జోలికి పోలేదు. దాచుకున్నారని జనం అనుకున్నారు. ఇప్పుడు తీయండి. ఇంకెప్పటికి దాస్తారు?"

"ఆ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపు" అన్నాడు థాడియస్.

మైకు ముందు, అతని పక్కన ఖాళీ స్టూలు ఉంది. పొద్దున రాగానే అడిగి వేయించుకున్నాడు. ఆ పాట రికార్డు చేసిననాడు భార్య ఎర్లీన్ ఇలాగే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఆమె పోయి అయిదు నెలలయింది. టెరెల్ ఆ స్టూలుకు ఫొటో తీయించాడు. అట్ట మీద అదే వేస్తానన్నాడు. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారన్నాడు.

పన్నెండోసారి వాయించాడు. పాటంతా సాఫీగా నడిచింది. చివర ఊపిరి బిగబట్టి పైకి లేపాడు. స్వరం పగిలింది. బాతు అరిచినట్టు అరిచి ఆగిపోయింది.

గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. థాడియస్ అద్దం వైపు తిరిగాడు.

"మా అమ్మాయి బయట ఉందా?"

"ఉంది. లోపలికి రమ్మంటే, దించడానికి వచ్చాను, వినడానికి కాదంది."

"పిలువు. ఒక్క అయిదు నిమిషాలు పక్కన కూర్చుంటే చాలు."

టెరెల్ మొహం మెత్తబడింది. క్లీవ్ మాత్రం తల వంచుకుని డ్రమ్ము వైపే చూస్తూ ఉండిపోయాడు.

వొనెటా వచ్చింది. ఆస్పత్రి డ్యూటీ బట్టల్లోనే ఉంది. ఆదివారాలు చర్చిలో ఆమె పాడుతుంటే పాస్టరు ప్రసంగం మరిచిపోతాడని పేరు. చర్చి దాటి ఎక్కడా నోరు విప్పదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. తండ్రి వైపు చూడలేదు.

"మీరెప్పుడంటే అప్పుడే" అని టెరెల్ అద్దం వెనక్కి పోయి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

థాడియస్ కూతురి చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మలూ, నాకింకేం మిగల్లేదు. ఇదొక్కటే ఉంది."

"కూర్చున్నాగా నాన్నా."

"అలా కాదు. మీ అమ్మ కూర్చున్నట్టు."

"అమ్మ ఊరికే కూర్చుందా?"

అతను అద్దం వైపు చూశాడు. అరచెయ్యి చాపి మైకు మూశాడు.

"నీ కాళ్ళు పట్టుకుంటానే."

"అమ్మ కూడా పట్టుకుంది నీ కాళ్ళు. రికార్డు మీద తన పేరు ఒక్క ముక్క రాయించమని."

"ఆ రోజులు వేరే."

"అమ్మ మార్చిలో పోయింది నాన్నా. ఆ రోజుల్లో కాదు. అప్పటిదాకా నీకు టైముంది."

వొనెటా అతని వేళ్ళు ఒక్కొక్కటే మైకు మీంచి విడదీసింది. చెయ్యి తీసి అతని ఒళ్ళోనే పెట్టింది. తర్వాత మైకు దగ్గరికి వంగింది. అద్దం వెనక టెరెల్ చప్పున రికార్డింగు బొత్తాం నొక్కాడు.

"బాబూ, అట్ట మీద ఈ స్టూలు బొమ్మ వేస్తున్నావటగా. కింద ఎర్లీన్ పెట్‌వే అని పేరు కూడా వెయ్యి. ఆ కేక మా అమ్మ గొంతు, ఈయన బుగ్గలు ఉబ్బించాడంతే."